కోర్ అంటే బ్రాంచి సబ్జెక్టు కాదు: అమెరికాలోని తెలుగు సంఘాల విద్యా కమిటీలకు బహిరంగ లేఖ



అమెరికాలోని తెలుగువారి వేదికలపై కళాశాల ప్రవేశాల గురించి జరిగే సదస్సుల్లో ర్యాంకింగులు, శాట్ స్కోర్లు, దరఖాస్తు వ్యాసాలు, ఇన్‌స్టేట్ ఫీజులు, కంప్యూటర్ సైన్సులో సీటు దొరికే దారులు ఎంతో వివరంగా చర్చకు వస్తాయి గాని, ప్రవేశం దొరికాక ఆ విద్యార్థి ఏ మేజర్ తీసుకున్నా చదవక తప్పని కోర్సులు ఏవన్న ప్రశ్న మాత్రం అరుదుగా తలెత్తుతుంది. మేజర్ అంటే విద్యార్థి ప్రత్యేకంగా చదివే ప్రధాన విషయం. దానితో నిమిత్తం లేకుండా అందరికీ విధించే కోర్సులు డిగ్రీ మొత్తంలో మూడో వంతుకు పైగా ఆక్రమించే విశ్వవిద్యాలయాలు అక్కడ అనేకం ఉన్నాయి. అంత భాగాన్ని కన్నెత్తి చూడకుండా, ర్యాంకును బట్టి కళాశాలను ఖాయం చేసుకోవడం, జాతకాలు మాత్రం కలిపి మనుషులను చూడకుండానే ముహూర్తం పెట్టుకోవడం వంటిది. ఆ పొరపాటును సరిదిద్దగల స్థానంలో సంఘాల విద్యా కమిటీలు ఉన్నాయి కనుకనే ఈ లేఖ వాటిని ఉద్దేశించింది.

ఈ అశ్రద్ధకు మూలం కొంతవరకు కోర్ అన్న మాటలోనే ఉంది. హైదరాబాదులోనో, కాకినాడలోనో, వరంగల్లులోనో ఇంజనీరింగు చదివి వెళ్లిన తల్లిదండ్రుల వాడుకలో కోర్ అంటే బ్రాంచికి సంబంధించిన అసలు సబ్జెక్టులు. మెకానికల్ చదివిన కుర్రవాడు సాఫ్ట్‌వేర్ వైపు మళ్లకుండా మెకానికల్ కంపెనీలోనే చేరితే అతనికి కోర్ ఉద్యోగం వచ్చిందని చెప్పుకుంటారు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన ఇంజనీరింగు నమూనా పాఠ్యప్రణాళిక కూడా మొత్తం 160 క్రెడిట్లలో 48 క్రెడిట్లను ప్రొఫెషనల్ కోర్ అనే పేరుతో బ్రాంచి సబ్జెక్టులకు కేటాయించి, భాష, సామాజిక శాస్త్రాలు, మేనేజ్‌మెంట్ అన్నీ కలిపి 12 క్రెడిట్లతో సరిపెట్టింది. అమెరికా విశ్వవిద్యాలయాల పరిభాషలో ఆ మాటకు అర్థం సరిగ్గా తలకిందులు. అక్కడ కోర్ అంటే భౌతికశాస్త్రం చదివేవారూ, సంగీతం చదివేవారూ, కంప్యూటర్ సైన్సు చదివేవారూ ఆ కళాశాల పట్టా పుచ్చుకోవాలంటే కలిసి చదివి తీరవలసిన ఉమ్మడి చదువు. ఫలానా కళాశాలకు కోర్ గట్టిదన్న మాట విని, కంప్యూటర్ సైన్సు సిలబస్ గట్టిదని సంతోషించిన తండ్రి, మొదటి సెమిస్టరు గడిచేసరికి కూతురు ప్లేటో మీద వ్యాసం రాస్తూ కూర్చుందని తెలిసి తెల్లబోతే ఆ తప్పు ఆయనది కాదు. ఆ మాటకు అక్కడి అర్థం ఏమిటో ఆయనకు చెప్పినవారు లేకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది.

ఆ ఉమ్మడి చదువును విధించే తీరులో మూడు ప్రధానమైన పద్ధతులు కనిపిస్తాయి. అందరూ అవే పుస్తకాలను, అదే క్రమంలో చదివే పద్ధతి ఒకటి; సాహిత్యం, చరిత్ర, ప్రకృతి శాస్త్రాలు, గణితం అంటూ కొన్ని గళ్లు గీసి, ఒక్కో గడిలో నచ్చిన కోర్సును ఎంచుకోమనే డిస్ట్రిబ్యూషన్ పద్ధతి రెండోది; మేజర్‌కు వెలుపల దాదాపు ఏ నిర్బంధమూ పెట్టని స్వేచ్ఛా పద్ధతి మూడోది. ఈ భేదం వెనుక నూట యాభై ఏళ్ల వాదం ఉంది. 1869 నుంచి 1909 వరకు హార్వర్డ్ అధ్యక్షుడిగా పనిచేసిన చార్లెస్ ఎలియట్, అందరూ లాటిన్, గ్రీకు, గణితాలను ఒకే వరసలో చదివే పాత ఏర్పాటును సడలించి, విద్యార్థి తన కోర్సులను తానే ఎంచుకునే ఎలెక్టివ్ పద్ధతిని విస్తరింపజేశారు. ఆయన తర్వాత వచ్చిన లారెన్స్ లోవెల్ ఆ స్వేచ్ఛకు పగ్గం వేసి, ఒక రంగంలో లోతు, మిగిలిన కొన్ని రంగాల్లో కాస్త వెడల్పు ఉండాలన్న నియమాన్ని ప్రవేశపెట్టారు. నేటి అమెరికన్ డిగ్రీలో కనిపించే మేజర్, డిస్ట్రిబ్యూషన్ జంటకు అదే పాదు.

మొదటి పద్ధతికి పేరుపడ్డ చోటు న్యూయార్క్‌లోని కొలంబియా. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక శిక్షణ పొందుతున్న విద్యార్థులకు యుద్ధ కారణాలను వివరించడానికి నడిపిన ఒక కోర్సు అనుభవం నుంచి, యుద్ధం ముగిశాక శాంతికాలపు సమస్యలను అర్థం చేసుకోవడానికి 1919లో కాంటెంపరరీ సివిలైజేషన్ అనే కోర్సు అక్కడ పుట్టింది. (అంబేడ్కర్ ఆ విశ్వవిద్యాలయంలో చదివి వెళ్లిపోయిన మూడేళ్లకు జరిగిన సంగతి ఇది.) సాహిత్య గ్రంథాలను చదివించే లిటరేచర్ హ్యుమానిటీస్ 1937లో వచ్చింది, విద్యార్థులు దానిని లిట్ హమ్ అని, మొదటిదానిని సీసీ అని పిలుచుకుంటారు. కొలంబియా కాలేజీలో చేరిన విద్యార్థి మొదటి ఏడాది పొడవునా లిట్ హమ్, రెండో ఏడాది పొడవునా సీసీ చదవాలి. వీటితోపాటు రచనాభ్యాసం, చిత్రశిల్ప కళ, సంగీతం, ప్రకృతి శాస్త్రాలు, ఒక విదేశీ భాషలో నాలుగు సెమిస్టర్ల స్థాయి, పాశ్చాత్యేతర సంస్కృతులపై రెండు కోర్సులు, వ్యాయామ విద్య కూడా తప్పవు. 

ఆ తరగతి గదిలోకి ఒకసారి తొంగి చూస్తే నిర్బంధ కోర్సు అన్న మాటకు రూపం వస్తుంది. ఇరవై మందికి కాస్త అటూ ఇటూగా విద్యార్థులు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఉపన్యాసం ఉండదు, నోట్సు చెప్పి రాయించడం ఉండదు, ముందు రోజు రాత్రి చదివి వచ్చిన పేజీలపై ఎవరి మాట వారు చెప్పి, ఎదుటివారు కాదంటే నిలబెట్టుకోవాలి. మొదటి వారాల్లో చదివేది హోమర్ రాసిన ఇలియడ్. ఆ కావ్యం చివరి భాగంలో ముసలి రాజు ప్రియామ్, తన కొడుకు హెక్టర్‌ను చంపిన అకిలీస్ గుడారానికి రాత్రివేళ వచ్చి, ఆ చేతులనే ముద్దుపెట్టుకుని శవాన్ని అడుగుతాడు. శత్రువు చేతిని ముద్దాడటం లొంగుబాటా, దుఃఖమా, రాజనీతా అన్న ప్రశ్న బల్ల మీద పడినప్పుడు, కెమిస్ట్రీలో వందకు వంద తెచ్చుకున్న పిల్లకూ సిద్ధమైన జవాబు దొరకదు. కురుక్షేత్రం ముగిశాక గాంధారి యుద్ధభూమిలో కొడుకుల కోసం వెతికే ఘట్టాన్ని ఇంట్లో విని పెరిగిన తెలుగు పిల్లకు, తిక్కన తెనిగించిన స్త్రీపర్వం పేరు తెలియకపోయినా, ఆ చర్చలో చెప్పడానికి ఏదో ఒకటి తప్పక ఉంటుంది. ఆ ఒక్కటి చెప్పగల ధైర్యం, చెప్పిన దానిని మూడు పేజీల్లో రాయగల నేర్పు, ఇవే ఆ కోర్సు అడిగేవి. నలుగురిలో నోరు విప్పడం, వారం వారం వందల పేజీలు చదవడం ప్రాణసంకటంగా భావించే పిల్లవాడిని, ర్యాంకు బాగుందన్న ఒక్క కారణంతో అక్కడికి పంపడం ఆ పిల్లవాడికీ మేలు కాదు, ఆ బల్ల చుట్టూ కూర్చున్న మిగిలినవారికీ మేలు కాదు.

ఇదే విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు కళాశాలకు దరఖాస్తు చేసేవారి సంగతి వేరు: వారికి ఈ ఉమ్మడి చదువులో కొంత భాగమే తప్పనిసరి, లిట్ హమ్, సీసీ రెండూ చదవనవసరం లేకుండా వాటిలో ఒకదానిని గాని, వాటికి బదులుగా అనుమతించిన ఇతర కోర్సులను గాని ఎంచుకోవచ్చు. అంటే చూడవలసింది విశ్వవిద్యాలయం పేరు కింద ఉండే సాధారణ పరిచయాన్ని కాదు. విద్యార్థి చేరబోయే కళాశాల, డిగ్రీల పేజీని. ఒకే ప్రాంగణంలో, ఒకే హాస్టల్లో, పక్కపక్క గదుల్లో ఉండే ఇద్దరికి రెండు వేర్వేరు కోర్‌లు ఉండటం అమెరికాలో వింత కాదు.

షికాగో విశ్వవిద్యాలయం మరో దారిలో అదే పట్టుదలను చూపుతుంది. 1929 నుంచి 1951 వరకు దానిని నడిపిన రాబర్ట్ హచిన్స్ కాలంలో రూపుదిద్దుకున్న ఉమ్మడి చదువుకు వారసత్వంగా, పట్టాకు కావలసిన 42 కోర్సుల్లో 15 కోర్సులు కోర్‌కే చెందుతాయి: సాహిత్యం, నాగరికతలు, కళలు కలిపి 6, ప్రకృతి శాస్త్రాలు, గణితం కలిపి 6, సామాజిక శాస్త్రాలు 3. అక్కడ ఏడాదిని క్వార్టర్లుగా విభజిస్తారు కనుక, సెమిస్టరు లెక్కలకు అలవాటు పడినవారికి ఈ అంకెలు కొంత తికమకగా తోచినా, మూడో వంతుకు పైన అన్న సంగతి మాత్రం మారదు. నాగరికతల కింద దక్షిణాసియాను ఎంచుకునే వీలు కూడా అక్కడ ఉంది. 1990ల చివర ఈ కోర్‌ను కుదించినప్పుడు పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు పెద్ద దుమారం లేపారు. ఆ వివాదం నడుస్తున్న 1999లోనే అధ్యక్షుడు హ్యూగో సోనెన్‌షైన్ పదవి నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. కొన్ని కోర్సుల తగ్గింపు మీద ఒక విశ్వవిద్యాలయం అంతగా అట్టుడికిపోయిందంటే, ఆ కోర్సులు అక్కడివారికి ఏమిటో ఊహించుకోవచ్చు.

సైన్సు కళాశాలలో చేరితే ఈ గొడవ ఉండదనుకోవడం కూడా సరికాదు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీ, ఏ మేజర్‌లో చేరినవారికైనా భౌతికశాస్త్రం రెండు, కలన గణితం రెండు, రసాయనశాస్త్రం ఒకటి, జీవశాస్త్రం ఒకటి విధించడంతో ఆగకుండా, సాహిత్య, కళా, సామాజిక శాస్త్రాల నుంచి ఎనిమిది కోర్సులు చదవాలని చాలా ఏళ్లుగా నియమం పెట్టింది. ఎనిమిదంటే సెమిస్టరుకు ఒకటి చొప్పున నాలుగేళ్లూ. ఇంగ్లీషు వ్యాసాల నుంచి తప్పించుకోవడానికి ఎంఐటీ కోరుకునే కుర్రవాడికి ఈ లెక్క ముందే తెలియాలి. అలాగే గణితం నుంచి తప్పించుకోవడానికి ఎకనామిక్స్ పేరు చెప్పి అక్కడ చేరాలనుకునే కుర్రవాడికి కూడా.

అయితే తెలుగు కుటుంబాల్లో చాలామంది పిల్లలు చేరేది ఈ పేరుమోసిన నాలుగైదు చోట్ల కాదు, తాము నివసించే రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో. డాలస్ శివారుల్లోని ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వంటి పట్టణాల్లో తెలుగువారు గణనీయంగా ఉన్న టెక్సాస్‌ను ఇక్కడ రెండో పద్ధతికి ఉదాహరణగా దగ్గరగా చూడటం న్యాయం. ఆ రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాలలన్నింటికీ 42 సెమిస్టర్ అవర్ల ఉమ్మడి కోర్ ఉంది. సెమిస్టర్ అవర్ అంటే స్థూలంగా వారానికి ఒక గంట తరగతి లెక్కన ఒక సెమిస్టరు చదువు, డిగ్రీ మొత్తానికి సాధారణంగా అటువంటివి 120 కావాలి. ఆ 42లో రచన, భాషణలకు 6, గణితానికి 3, ప్రకృతి శాస్త్రాలకు 6, భాషా తత్త్వ సంస్కృతులకు 3, కళలకు 3, అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వ వ్యవస్థకు 6, సామాజిక శాస్త్రాలకు 3, కళాశాల తన ఇష్టప్రకారం నింపుకునే గడికి 6 పోతాయి. చరిత్ర, ప్రభుత్వ వ్యవస్థలకు చెందిన 12 అవర్లను విధించింది విశ్వవిద్యాలయం కాదు, రాష్ట్ర శాసనం. అందువల్ల వాటి గురించి ఏ డీన్‌ను బతిమాలినా ప్రయోజనం ఉండదు.

కోర్సుల పట్టికలో కనిపించే అంకెలను చదవడం తల్లిదండ్రులకు నేర్పితే సగం పని అయినట్టే. టెక్సాస్ కమ్యూనిటీ కళాశాలలు పాటించే ఉమ్మడి అంకెల పద్ధతిలో హిస్టరీ 1301 అని ఉంటే, మొదటి అంకె 1 అది మొదటి ఏడాది స్థాయి అని, రెండో అంకె 3 అది మూడు అవర్ల కోర్సు అని చెబుతాయి. గవర్నమెంట్ 2305 అమెరికా సమాఖ్య ప్రభుత్వం గురించి, 2306 టెక్సాస్ ప్రభుత్వం గురించి. గణితంలో 1314 అంటే కాలేజ్ ఆల్జీబ్రా, 2413 అంటే మొదటి కాల్క్యులస్, అది నాలుగు అవర్లది. కోర్‌లోని గణితపు గడి నిండటానికి 1314 చాలు; ఇంజనీరింగు మేజర్‌కు మాత్రం 2413 లేనిదే మొదటి మెట్టు ఎక్కడం కుదరదు. కోర్ మొత్తం ముగించామని ఎంతో ఉత్సాహంగా విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన విద్యార్థి, మేజర్‌కు కావలసిన గణితం మొదటి నుంచి మొదలుపెట్టవలసి రావడానికి కారణం ఈ రెండు అంకెల తేడాను ఎవరూ చూడకపోవడమే.

ఇక్కడే కోర్‌ను ముందే దులిపేసుకోవడమనే అలవాటు చర్చకు వస్తుంది. హైస్కూల్లో చదువుతూనే కమ్యూనిటీ కళాశాలలో కోర్సులు తీసుకుని రెండు చోట్లా లెక్కకు తెచ్చుకోవడాన్ని డ్యూయల్ క్రెడిట్ అంటారు. హైస్కూల్లోనే కళాశాల స్థాయి పాఠాలు చదివి జాతీయ పరీక్ష రాయడాన్ని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, క్లుప్తంగా ఏపీ, అంటారు. (ఏపీ అనగానే అమరావతి గుర్తొచ్చే తరానికి పిల్లల నోట ఆ మాట మొదట్లో చిత్రంగానే వినిపించి ఉంటుంది.) టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ కళాశాలలో 42 అవర్లూ పూర్తిచేసినవారికి మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఆ కోర్ మొత్తాన్ని ఒక్కముద్దగా అంగీకరించాలి, కనుక అక్కడ డ్యూయల్ క్రెడిట్ ద్వారా ఖర్చు తగ్గించుకోవడం తెలివైన పనే, దానిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కాకపోతే ఆ హామీ ప్రభుత్వ సంస్థల మధ్యనే. రైస్ వంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ, ఇతర రాష్ట్రాలకూ అది వర్తించదు. ఏపీ పరీక్షలతో కూడా ఒక మెలిక ఉంది: అమెరికా ప్రభుత్వంపై రాసే ఏపీ పరీక్షలో టెక్సాస్ రాజ్యాంగం ఉండదు గనుక, శాసనం కోరే ఆ భాగాన్ని వేరుగా పూర్తిచేయాలి. కొలంబియాలోనైతే లిట్ హమ్, సీసీలకు ఏ ఏపీ స్కోరూ మినహాయింపు ఇవ్వదు.

ఈ విషయంలో ఒక తీర్పు చెప్పక తప్పదు. కోర్ అనేది రాష్ట్రమంతటికీ ఒకటిగా, ఎక్కడ చదివినా సమానంగా చెల్లేదిగా ఉన్నచోట దానిని తక్కువ ఖర్చుతో ముగించుకోవడం పొదుపు. కోర్ అనేదే ఆ కళాశాల వ్యక్తిత్వమై, దానికోసమే అంత ఫీజు వసూలు చేస్తున్నచోట దానిని ఎలా తప్పించుకోవాలా అని వెతకడం, పెళ్లి భోజనానికి వెళ్లి ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా విప్పడం వంటిది. రెండు చోట్లకూ ఒకే సలహా ఇచ్చే వక్తలను సదస్సులకు పిలిచే ముందు బాధ్యులు ఈ తేడాను గమనించాలి.

తప్పనిసరి కోర్సుల జాబితా తెలిసినంత మాత్రాన వాటి నాణ్యత తెలియదు. అమెరికా చరిత్ర అన్న పేరుతోనే ఒకచోట మూడు వందల మంది కూర్చునే హాలులో, కంప్యూటరు దిద్దే పరీక్షలతో నడిచే కోర్సు ఉండవచ్చు. మరోచోట పాతికమందికి ఒక అధ్యాపకుడు వ్యాసాలు దిద్ది, పక్కన కూర్చోబెట్టుకుని తప్పులు చూపించే కోర్సు ఉండవచ్చు. బోధించేది శాశ్వత అధ్యాపకులా, పీహెచ్‌డీ చేస్తున్న విద్యార్థులా, ఏడాదికో ఒప్పందంతో వచ్చే తాత్కాలిక బోధకులా అన్నది అడగదగిన ప్రశ్న. పీహెచ్‌డీ విద్యార్థి కొన్నిసార్లు పెద్ద ప్రొఫెసరు కంటే శ్రద్ధగా చెబుతాడన్నది కూడా నిజమే కాబట్టి, ఆ జవాబును ఒక్కదానినే పట్టుకుని నిర్ణయించకూడదు. రిజిస్ట్రేషన్ తెరిచిన గంటలోనే సీట్లు నిండిపోయే తప్పనిసరి కోర్సు, విద్యార్థిని ఒక సెమిస్టరు ఎక్కువ కూర్చోబెట్టగలదు. వైద్యవిద్యకు వెళ్లదలచినవారికి ఈ లెక్క మరీ బిగువు: జీవశాస్త్రం, సాధారణ రసాయనశాస్త్రం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం, వాటి ల్యాబులు అన్నీ ఒకవైపు, బరువైన కోర్ మరోవైపు, మేజర్ ఇంకోవైపు లాగితే, పట్టాకు కొలంబియా కాలేజీ కోరే 124 క్రెడిట్లలో స్వేచ్ఛగా ఎంచుకోవడానికి మిగిలేది అతి కొద్ది. అలాగని బరువైన కోర్ ఉన్నచోటికి వెళ్లవద్దని కాదు. ఎనిమిది సెమిస్టర్ల గళ్లను కాగితం మీద నింపి చూసుకుని వెళ్లాలి.

విదేశీ భాష నిబంధన తెలుగు కుటుంబాలకు ఇంకో విధంగా ముఖ్యం. చాలా కళాశాలలు ఇంగ్లీషు కాక మరో భాషలో నిర్ణీత స్థాయిని కోరుతాయి, ఆ స్థాయి ముందే ఉందని పరీక్షలో నిరూపించుకునే అవకాశం కూడా కొన్నిచోట్ల ఇస్తాయి. వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్, తెలుగు తరగతులు నడిపిన బర్క్‌లీ వంటి విశ్వవిద్యాలయాల చరిత్రను బట్టి, అమెరికన్ ప్రాంగణాలకు తెలుగు కొత్త భాష కాదు. ప్రవాసుల పిల్లలకు తెలుగు నేర్పే మనబడిలో ఏళ్ల తరబడి చదివిన పిల్ల, హైస్కూల్లో స్పానిష్‌తో కుస్తీపట్టి, కళాశాలలో మళ్లీ మొదటి నుంచి అదే మొదలుపెట్టే ముందు, ఇంటి భాషను పరీక్షించి లెక్కకు తీసుకుంటారా అని ఆ కళాశాల భాషా విభాగానికి ఒక ఈమెయిలు రాయడం ఎవరికీ భారం కాదు. జవాబు అవునని వస్తే ఆ భాషా కోర్సుల చోటు ఖాళీ అవుతుంది. కాదని వచ్చినా పోయిందేమీ లేదు.

కోర్ శాశ్వతమని అనుకోవడం కూడా పొరపాటు. అందులో ఏ పుస్తకం ఉండాలి, ఎవరి చరిత్ర ఉండాలి అన్న వివాదం 1980ల చివర స్టాన్‌ఫర్డ్‌లో దేశమంతా చూసేలా జరిగి, 1988లో అక్కడి పాశ్చాత్య సంస్కృతి కోర్సు స్థానంలో మరో కోర్సును తెచ్చింది. ఇటీవల ఆ వివాదం అధ్యాపక సభల నుంచి శాసనసభలకు పాకింది: ఫ్లోరిడాలో 2023 నాటి చట్టం తర్వాత, 2024 జనవరిలో రాష్ట్ర విశ్వవిద్యాలయాల పాలక మండలి సోషియాలజీ పరిచయ కోర్సును కోర్ జాబితా నుంచి తొలగించింది. సోషియాలజీ లేకపోతే మా అబ్బాయికి వచ్చిన నష్టమేమిటని అడిగే తల్లిదండ్రులకు ఒక సంగతి గుర్తుచేయాలి. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో 2015 నుంచి మనస్తత్వ, సామాజిక శాస్త్రాలకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. కోర్‌లో భాగంగా దొరికే కోర్సు ఇక ఖాళీ చోటు వెతుక్కుని చదవవలసిన కోర్సు అవుతుంది. సాధారణంగా విద్యార్థికి వర్తించేది తాను చేరిన సంవత్సరపు నిబంధనల గ్రంథం, అంటే కేటలాగ్. అక్క చేరిన ఏడాది కేటలాగ్ చూసి తమ్ముడికి సలహా చెప్పడం అందుకే ప్రమాదకరం.

మూడో పద్ధతికి ప్రతినిధి బ్రౌన్ విశ్వవిద్యాలయం. ఐరా మాగజీనర్, ఎలియట్ మాక్స్‌వెల్ అనే విద్యార్థుల చొరవతో తయారైన నివేదిక ఆధారంగా 1969లో అది తెచ్చిన విధానంలో డిస్ట్రిబ్యూషన్ గళ్లు లేవు. ఇప్పుడు అక్కడ పట్టాకు కావలసింది కనీసం 30 కోర్సులు, ఒక మేజర్, రాయడంలో సామర్థ్యం చూపడం, ఇంతే. చూపుకు ఇది అన్నిటికన్నా తేలిక. అయితే నిర్బంధం లేనిచోట నిర్ణయం ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో కోర్సుల జాబితా అడిగి, సంగీత చరిత్ర ఎందుకు, ఇంకో కోడింగ్ క్లాసు తీసుకోరాదా అనే తల్లిదండ్రుల పిల్లలకు ఆ స్వేచ్ఛ కాగితం మీదే మిగులుతుంది. వారికి నిజానికి కోర్ ఉన్న కళాశాలే రక్ష, ఎందుకంటే అక్కడ సంగీత చరిత్ర తప్పదని కళాశాలే చెబుతుంది, పిల్ల వాదించనక్కరలేదు. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. తనకు ఏం కావాలో తెలిసి, తెలియని దానిని వెతుక్కునే చొరవ ఉన్న విద్యార్థికి మాత్రం బ్రౌన్ వంటి చోటు నిజంగా వరం.

ఈ నేపథ్యంలో విద్యా కమిటీల బాధ్యులకు ఈ లేఖ చేసే విన్నపం చిన్నది. రాబోయే ప్రవేశాల సదస్సులో ర్యాంకింగుల చార్టు వేసే తెర మీదే, పిల్లలు ఎక్కువగా చేరే మూడు నాలుగు కళాశాలల డిగ్రీ నిబంధనల పేజీలను వేసి, ఒక్కో గడి అర్థం ఏమిటో తెలుగులో వివరించే ఏర్పాటు చేయాలి. ఆ వివరణకు ఫీజు తీసుకునే కన్సల్టెంట్ల కంటే, ఆ కళాశాలల్లో రెండో మూడో ఏడాది చదువుతూ, ఆ తప్పనిసరి కోర్సుల్లో కూర్చుని వచ్చిన తెలుగు పిల్లలే తగినవారు. వారిని పిలవడానికి ఖర్చు కూడా తక్కువ. ప్రవేశం దొరికిన విద్యార్థులు ఏ కళాశాలలో చేరేదీ తెలియజేయడానికి చాలా చోట్ల గడువు మే 1. అందుకు కనీసం రెండు వారాల ముందు, ప్రతి ఇంట్లో తల్లి, తండ్రి, పిల్ల ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆ పేజీని మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదవాలనీ, అందులో ఏ కోర్సు పేరు చూసి పిల్ల కళ్లు మెరిశాయో, దేనిని చూసి ముఖం మాడ్చుకుందో గమనించాకే డిపాజిట్ కట్టాలనీ సదస్సుకు వచ్చే కుటుంబాలకు చెప్పి పంపవలసిందిగా కోరడమైనది.